ఏదైనా ఒక కీ నొక్కండి

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ళ ముందు, జూన్ నెలలో, చిత్తూరు శివార్లలో ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి నన్ను పంపించారు. అప్పటికి నేను తిరుపతిలో ఒక ప్రైవేటు కంపెనీ బ్రాంచిలో సీనియర్ కస్టమర్ ఇంజనీరుని. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో కంప్యూటర్లు పాడైతే వెళ్ళి బాగుచేయడం మా పని. అందుకోసం ఏడాదికోసారి రాసుకునే ఒప్పందాన్ని ఏఎంసీ అంటారు. మా బ్రాంచిలో హోదాలు మూడు. కస్టమర్ ఇంజనీరు స్క్రూలు విప్పుతాడు. అతను విప్పి మళ్ళీ బిగించలేకపోయినవి సీనియర్ కస్టమర్ ఇంజనీరు వెళ్ళి బిగించాలి. ఏరియా మేనేజరు ఏఎంసీ రెన్యువల్ రోజున కారులో వెళ్ళి కాఫీ తాగి వస్తాడు. స్క్రూడ్రైవర్ పట్టుకునే ఆడమనిషిని ఆ బ్రాంచి మొత్తానికి నేనొక్కదాన్నే. ఈ విషయం మా వాళ్ళకు ఏనాడో అలవాటైపోయింది. కస్టమర్లకు మాత్రం ప్రతిసారీ కొత్తగానే ఉండేది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఫిర్యాదు ఇదీ: "సిస్టం సీడీ తీసుకోవడం లేదు. అర్జెంట్." ఫిర్యాదులు నాలుగు మాటలకు మించవు. ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పి కూర్చునే రోగి ముందు డాక్టరులాగా, మిగతాది మేమే కనుక్కోవాలి. అర్జెంట్ అన్న మాటకు మేమెవరమూ కంగారుపడం, ఎందుకంటే ఆ మాట లేని ఫిర్యాదు నా సర్వీసులో నేను చూడలేదు. మా ఏరియా మేనేజరు ఫోన్ చేసి, అది పెద్ద పనేమీ కాదనీ, డిస్కు పెట్టి మీట నొక్కడమేననీ, మధ్యాహ్నం భోజనానికి తిరుపతి వచ్చేయవచ్చనీ చెప్పాడు. తాను చేయనక్కర్లేని పని ఎంత తేలికో ఆయనకు ఎప్పుడూ కచ్చితంగా తెలుసు. నేను క్యారియర్ కట్టుకుని, సామాన్ల సంచి భుజాన వేసుకుని బస్సెక్కాను.

ఆ కంప్యూటర్ చేసే పనేమిటో ముందు చెప్పాలి. పండిన తోతాపురి కాయలను కడిగి, టెంక తీసి, గుజ్జు చేస్తారు. ఆ గుజ్జును స్టెరిలైజర్ అనే గొట్టాల్లో బాగా వేడిచేసి, వెంటనే చల్లార్చి, గాలి తగలకుండా సంచుల్లో నింపి, డ్రమ్ముల్లో పెట్టి విదేశాలకు పంపుతారు. గుజ్జు ఏ క్షణంలో ఎంత వేడెక్కిందో కంప్యూటర్ చూసి, రాసిపెడుతుంది. ఆ రాత లేని గుజ్జు మంచిదో చెడ్డదో దేవుడికే తెలియాలి. దేవుడి మాట మీద సరుకు కొనే అలవాటు విదేశీయులకు లేదు. అందువల్ల కంప్యూటర్ పడిపోతే స్టెరిలైజర్ ఆగుతుంది, స్టెరిలైజర్ ఆగితే ఫ్యాక్టరీ ఆగుతుంది, ఫ్యాక్టరీ ఆగితే బయట కాయలు ఆగుతాయి. కాయలు మాత్రం పండడం ఆపవు.

బస్సు దిగేసరికి ఆ ఆగిన కాయలన్నీ రోడ్డు మీదే కనిపించాయి. ఫ్యాక్టరీ గేటు నుంచి మలుపు దాకా ట్రాక్టర్లు, ఒకదాని వెనక ఒకటి. ఎండకు కాయల మీద గోనెపట్టాలు, వేపమండలు కప్పి ఉన్నాయి. తియ్యటి, పుల్లటి, అప్పుడప్పుడే మొదలవుతున్న కుళ్ళు వాసన. గేటుకు దగ్గరగా ఉన్న ట్రాక్టర్ నీడలో ఒక పెద్దమనిషి తుండుగుడ్డ పరచుకుని కూర్చుని ఉన్నాడు. నా సంచి చూసి లేచాడు.

"మిషను రిపేరికి వచ్చినారామ్మా?"

అవునన్నాను. ఆయన పేరు చెంగల్రాయుడు. ఐరాల దగ్గర తోట. ట్రాలీ అంచున ఉన్న కాయ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. పైకి పచ్చగా, నిగనిగలాడుతూ ఉంది. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయింది.

"పైన ఉండేది ఇట్లుంటే అడుగున ఉండేది ఎట్లుంటాదో సూడండి. మెత్తబడితే లోపలికి తీసుకోరు. తీసుకపో అంటారు. యాడికి తీసుకపోయేది? కొంచిం బిరీన్న, తొందరగా సూడండమ్మా."

గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపి, నా వెనక రోడ్డు వైపు కాసేపు చూశాడు. "ఇంజనీరు సారు యాడమ్మా?" అన్నాడు. నేనే అన్నాను. "అది కాదమ్మా, కంప్యూటర్ సేసే సారు," అని వివరించాడు. అది కూడా నేనే అన్నాను. పుస్తకంలో నా పేరు రాసుకుని, ఎందుకైనా మంచిదని పక్కన 'సారు వెనక వస్తారు' అని రాసుకున్నాడు. రిటైరయ్యే దాకా ఎన్ని గేట్ల దగ్గర ఆ సారు నా వెనక వస్తూనే ఉన్నాడో లెక్కలేదు.

జనరల్ మేనేజరు పేరు దామోదరం. మంచి చొక్కా, బంగారు ఫ్రేము కళ్ళజోడు, బల్ల మీద మూడు ఫోన్లు. జరిగింది ఆయన ఇలా చెప్పాడు: ముందురోజు కరెంటు హెచ్చుతగ్గులకు కంప్యూటర్ ఆగిపోయింది, తిరిగి లేవలేదు. మెషీన్ అమ్మిన చెన్నై కంపెనీవాళ్ళు ఇలాంటి రోజు కోసమే ఒక రికవరీ డిస్కు ఇచ్చి ఉన్నారు. దాన్ని డ్రైవులో పెట్టి కంప్యూటర్‌ను దాని మీద నుంచి లేపితే, పోయిన ప్రోగ్రాములన్నీ మళ్ళీ ఎక్కుతాయి. పెట్టారు. లేవలేదు. టౌన్‌లో జిరాక్స్ షాపు నడిపే ఒకతన్ని పిలిపిస్తే, కంప్యూటర్‌కు వైరస్ పట్టిందని చెప్పి వెళ్ళాడు. ఇంకెవరో గది గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టమన్నారు. అదీ జరిగింది. ఆఖరికి ఏఎంసీ ఉందని ఎవరికో గుర్తొచ్చి మాకు ఫోన్ చేశారు. చికిత్సా క్రమంలో మా స్థానం నిమ్మకాయ తరవాత.

"అసలు ప్రాబ్లం మెషీన్‌ది కాదు మేడమ్," అన్నాడు దామోదరం గొంతు తగ్గించి. "మనిషిది. ఆపరేటర్ మునిరత్నం అని ఉండాడు. ఒక బటన్ నొక్కమంటే నొక్కడం రాదు. రేపట్నుంచి రావద్దని చెప్పేసినా. నాయుడుపేట నుంచి వేరే మనిషి వస్తాండాడు."

బటన్ నొక్కడం రాని మనిషి ఆ ఫ్యాక్టరీలో ఇన్నాళ్ళూ మెషీన్ ఎలా నడిపాడని అడగబోయి ఊరుకున్నాను. జనరల్ మేనేజర్లను అడగకూడని ప్రశ్నల్లో అదొకటి.

కంట్రోల్ రూమ్‌లో మునిరత్నం నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. కూర్చోమని ఎవరూ చెప్పనందుకు కాబోలు, కుర్చీ పక్కనే నిలబడ్డాడు. బల్ల మీద ఫోన్ స్పీకర్లో చెన్నై కంపెనీ నిపుణుడు ఉన్నాడు. నిపుణుడు అక్కడికి రాలేడు, సీజన్ కాబట్టి ఆయనకు అన్ని ఫ్యాక్టరీల్లోనూ పని. ఫోన్లోనే అందరికీ ఒకే మాట చెబుతున్నాడు.

"మేడమ్, వెరీ సింపుల్. డిస్కు పెట్టండి, రీస్టార్ట్ చేయండి. ప్రెస్ ఎనీ కీ అని వస్తది. ఏదైనా ఒక కీ నొక్కండి, అంతే. మీ ఆళ్ళు నొక్కటం లేదు."

నేను మునిరత్నం వైపు చూశాను. అతను నేల చూపులు చూస్తూ, "నొక్కినాను మేడమ్," అన్నాడు. "అన్నీ నొక్కినాను."

"అదే వద్దంటున్నా," అంది ఫోన్. "అన్నీ వద్దు. ఒకటి చాలు."

ఆ గదిలో నేను మొదట చేసిన పని ఫోన్ పెట్టేయడం. మరమ్మతు అక్కడి నుంచే మొదలైందని ఇప్పటికీ నా అభిప్రాయం.

కంప్యూటర్‌ను ఆన్ చేయగానే అది ముందు తన ఒళ్ళు తానే తడిమి చూసుకుంటుంది. మెమరీ ఉందా, డిస్కులు ఉన్నాయా అని. ఆ తరవాత ఎక్కడి నుంచి లేవాలో ఒక వరస ప్రకారం వెతుకుతుంది. డ్రైవులో డిస్కు ఉంటే, 'దీని మీద నుంచి లేవాలంటే ఏదైనా ఒక కీ నొక్కండి' అన్న మాట ఇంగ్లీషులో తెర మీద కాసేపు నిలుస్తుంది. నొక్కితే డిస్కు మీద నుంచి లేస్తుంది. నొక్కకపోతే, వీళ్ళకు అక్కర్లేదు కాబోలనుకుని హార్డ్‌డిస్కు వైపు పోతుంది. ఇక్కడ హార్డ్‌డిస్కు మీద ఏమీ సరిగా లేదు కాబట్టి తెర నల్లబడి ఆగిపోతోంది.

మునిరత్నాన్ని ఒకసారి చేసి చూపించమన్నాను. చేశాడు. తెర మీద మాట వచ్చింది. అతను స్పేస్ నొక్కాడు, ఎంటర్ నొక్కాడు, భయంతో రెండు చేతులా దొరికినవన్నీ నొక్కాడు. మాట పోయింది. తెర నల్లబడింది. వెనక నిలబడ్డ దామోదరం, "సూసినారా?" అన్నట్టు తల ఆడించాడు. బహుశా ఆలస్యంగా నొక్కి ఉంటాడని నేనూ అనుకున్నాను. కుర్చీలో కూర్చుని నేనే నొక్కాను. నల్లబడింది. మళ్ళీ నొక్కాను. అదే వరస. దామోదరం తల ఆడించడం ఆపేశాడు. నొక్కడం రానివాళ్ళు ఆ గదిలో ఇప్పుడు ఇద్దరయ్యారు.

ఇక్కడ కొంత సమయం వృథా చేశాను. డిస్కు సంగతి మొదట వదిలేశాను. కీ నొక్కమనే ఆ మాట డిస్కులో నుంచే వస్తుంది. మాట వస్తోందంటే డిస్కు బాగున్నట్టే కదా అనుకున్నాను. డ్రైవు కేబుల్ మార్చాను. వేరే సాకెట్‌లో పెట్టాను. కంప్యూటర్ మూత తీసి, లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న తీపి ధూళి తుడిచాను. మామిడి ఫ్యాక్టరీలో ధూళి కూడా జిగురుగా ఉంటుంది. ఏమీ మారలేదు. దామోదరం మధ్యలో వచ్చి, బయట రైతులు గేటు తడుతున్నారని చెప్పి వెళ్ళాడు. తలుపు తీయడం నా పని కాదు కాబట్టి నేను మూత బిగించాను.

అప్పుడు కీబోర్డు వైపు సరిగ్గా చూశాను. చూడకుండా ఉండటం నిజానికి కష్టం. అది ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో దీపాలు వెలుగుతూ, తిరునాళ్ళలో రంగులరాట్నంలా ఉంది. ఇది ఎప్పటిదని మునిరత్నాన్ని అడిగాను.

"కొత్తది మేడమ్. సీజన్‌కు ముందర ఫారిన్ వాళ్ళు ఫ్యాక్టరీ సూడ్డానికి వచ్చినారు. పాతది పచ్చబడిపోయుండాది, బాగుండదని సారు మార్పించినారు."

"పాతదాని వైరు కొస ఎట్లా ఉండేది? ఇట్లా పలకగానా, గుండ్రంగానా?"

"గుండ్రంగా. లోపల సూదుల మాదిరి ఉండేటివి."

కంప్యూటర్ ఆన్ చేసి, ఆ మాట తెర మీదికి రాగానే క్యాప్స్ లాక్ నొక్కాను. కీబోర్డు బతికి ఉంటే దాని మూల ఒక చిన్న దీపం వెలగాలి. రంగుల దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి, ఆ ఒక్కటి తప్ప.

సంగతి ఇదీ. ఆ కంప్యూటర్ పాతది. పలక పిన్ను కీబోర్డు మాట వినాలంటే దానికి లోపల ఒక సెట్టింగు ఆన్‌లో ఉండాలి. ఎవరూ అడగలేదు కాబట్టి అది ఆఫ్‌లోనే ఉంది. అంతా లేచి కూర్చున్నాక ఆపరేటింగ్ సిస్టం ఆ కొత్త కీబోర్డును గుర్తిస్తుంది. అందుకే మామూలు రోజుల్లో ఎవరికీ ఏ తేడా కనపడలేదు. కానీ లేవకముందు, ఆ కీబోర్డు మీద ఎవరు ఏమి నొక్కినా కంప్యూటర్‌కు వినపడదు. దీపాలకు కావలసింది కరెంటు మాత్రమే. అది అందుతోంది కాబట్టి అవి వెలిగాయి. సెట్టింగు మార్చుదామంటే, దానికీ ముందు కీ నొక్కాలి.

ఈ ముక్క చెప్పగానే మునిరత్నం కుర్చీ అంచు పట్టుకున్నాడు. "అట్లయితే నేను నొక్కింది నిజమే కదా మేడమ్?" అన్నాడు. నిజమేనన్నాను. కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "అందరూ లేదు లేదంటా ఉంటే, నా ఏళ్ళ మీదే నాకు అనుమానం వచ్చేసినాది మేడమ్. ఇంటికి పోయి మా ఆడోళ్ళ ఫోను మీద నొక్కి సూసుకున్నా."

నేను నవ్వలేదు. అప్పటికి మళ్ళీ వచ్చి నిలబడ్డ దామోదరం కూడా నవ్వలేదు. ఆయన కారణాలు వేరు.

ఇక గుండ్రపిన్ను కీబోర్డు కావాలి. అలాంటిది ఒకటి ఎప్పుడూ నా సంచిలో ఉండేది. కిందటేడు మా స్టోర్స్ విభాగం వాటిని కాలం చెల్లిన సామాన్ల కింద రాసేసి, మా అందరి దగ్గర నుంచీ వెనక్కి తీసుకుంది. బదులుగా కంపెనీ బొమ్మ ఉన్న తాళంచెవుల గొలుసులు ఇచ్చింది. పాత కీబోర్డు ఏమైందని అడిగితే, కాటా గదిలో వాడుతున్నారని మునిరత్నం చెప్పాడు. కాటా అంటే ట్రాక్టర్లు ఎక్కి తూకమయ్యే చోటు. గేటు పక్కనే.

అక్కడికి నడిచి వెళ్ళడానికి పెద్దగా సమయం పట్టదు. వెళ్ళడానికి అనుమతి రావడానికే పట్టింది. కాటా పర్చేజు విభాగం కిందికి వస్తుందట, కంట్రోల్ రూమ్ ప్రొడక్షన్ కిందికి వస్తుందట. ఒక విభాగం సామాను ఇంకో విభాగానికి పోవాలంటే పర్చేజ్ మేనేజరు ఒప్పుకోవాలి. ఆయన డ్రమ్ముల కోసం నాయుడుపేట వెళ్ళాడు. ఫోన్ ఎత్తడం లేదు. దామోదరం బల్ల మీది మూడు ఫోన్ల నుంచీ వరసగా చేశాడు. ఫ్యాక్టరీ మొత్తానికి జనరల్ మేనేజరు ఒక కీబోర్డు కోసం ఇంకొకరి అనుమతికి ఎదురుచూస్తున్నాడని ఆయనకు తట్టినట్టు లేదు. నాకు తట్టింది. ఆయనకు చెప్పి, మునిరత్నాన్ని వెంటబెట్టుకుని నేనే కాటా దగ్గరికి నడిచాను.

కాటా గుమాస్తా కీబోర్డు మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. "ఇది ఇచ్చేస్తే నేను తూకం ఎట్లేసేది మేడమ్? రేప్పొద్దున నన్నడుగుతారు," అన్నాడు. అప్పుడు కాటా మీద ఉన్నది చెంగల్రాయుడి ట్రాక్టరే. లోపలికి పంపేది లేకపోయినా తూకం వేసి పక్కన నిలబెడుతున్నారు. పని జరుగుతున్నట్టు ఉండాలి కదా. కిటికీలోంచి మా మాటలన్నీ విన్న చెంగల్రాయుడు లోపలికి వచ్చాడు.

"ఏమప్పా, తూకమేసి యాడికి పంపిస్తావు? లోపల మిషను పండుకోనుండాది. కాయలు గంటగంటకీ నీళ్ళు కారి తేలికైపోతా ఉండాయి. నువ్వు సాయంత్రం దాకా ఏస్తా ఉంటే నీ కాటాలో సున్నా వస్తాది. ఇచ్చెయ్ అది."

వెనక ఇంకో నలుగురు రైతులు గుమ్మంలోకి వచ్చారు. గుమాస్తా వాళ్ళను చూసి కీబోర్డు మీద నుంచి చేతులు తీశాడు. నాయుడుపేట అనుమతి ఆ తరవాత వచ్చిందో లేదో నాకు తెలియదు.

గుండ్రపిన్ను కీబోర్డును కంప్యూటర్ ఆన్‌లో ఉండగా గుచ్చకూడదు. ఆఫ్ చేసి, పిన్ను వంగకుండా సరిచూసి పెట్టి, అప్పుడు ఆన్ చేయాలి. అలాగే చేశాను. ముందుగా సెటప్‌లోకి వెళ్ళి, పలక పిన్ను కీబోర్డు మాట కూడా వినమని సెట్టింగు మార్చాను. తెర మీద మాట వచ్చింది. నేను లేచి మునిరత్నాన్ని కూర్చోమన్నాను. అతను గుమ్మంలో నిలబడ్డ దామోదరం వైపు చూసి, కూర్చుని, చూపుడు వేలితో స్పేస్ నొక్కాడు. ఒకే ఒక్కసారి. డిస్కు తిరగడం మొదలైంది. తెర నీలంగా మారింది. ఒక గీత నెమ్మదిగా నిండుతూ పోయింది.

సగం నిండి ఆగింది. డిస్కు చదవలేకపోతున్నానని రాసింది.

ఈసారి నేను డిస్కు బయటికి తీశాను. మొదటే తీయవలసింది. డిస్కు మీద రాసి ఉన్న వైపు శుభ్రంగా, కొత్తదానిలా ఉంది. తిప్పి చూశాను. మెరిసే వైపు, అంచుకు దగ్గరగా, నాలుగు దిక్కులా గంధం పూసి, దాని మీద కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఎండిపోయి, అతుక్కుపోయి ఉన్నాయి.

దామోదరం గొంతు సవరించుకున్నాడు. ఆయుధపూజకు అన్ని మెషీన్లకూ పెట్టినప్పుడు, బీరువాలో నుంచి దీన్ని కూడా తీసి దేవుడి ముందు పెట్టారట. ఎవరు పెట్టారని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు.

"రాసుండే వైపు పెడితే అక్షరాలు కనపడవు కదా మేడమ్. అందుకని ఈ వైపు... బాగా మెరుస్తా ఉండాది కూడా."

డిస్కును కంప్యూటర్ చదివేది ఆ మెరిసే వైపు నుంచే. లోపలి అంచు దగ్గర మొదలుపెట్టి బయటికి చదువుకుంటూ వస్తుంది. మొదటి మాటలన్నీ లోపలి వైపు ఉన్నాయి కాబట్టి 'కీ నొక్కండి' అన్నది బాగా చదవగలిగింది. బయటి వైపు వచ్చేసరికి గంధం అడ్డం వచ్చింది. ఇంకో డిస్కు ఉందా అని చెన్నైకి ఫోన్ చేశాను. ఆ మోడల్ ఆగిపోయిందనీ, ప్రతులు లేవనీ, ఉన్నది జాగ్రత్తగా వాడుకోమనీ నిపుణుడు చెప్పాడు. మీవాళ్ళు ఇప్పుడైనా కీ నొక్కారా అని కూడా అడిగాడు.

అంటే ఆ ఫ్యాక్టరీ సీజన్, బయట ఉన్న ట్రాక్టర్లు, మునిరత్నం ఉద్యోగం మొత్తం ఆ గంధం కింద ఉన్నాయి. గోకితే గీత పడుతుంది, గీత పడితే అంతే. క్యాంటీన్ నుంచి ఒక గిన్నెలో మంచినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళ చుక్క, ఉతికిన పాత నూలుగుడ్డ తెప్పించాను. గంధం నానే దాకా డిస్కును నీళ్ళలో ఉంచాను. దామోదరం చూడలేక బయటికి వెళ్ళిపోయాడు. కంప్యూటర్ సామాన్లను నీళ్ళలో పెట్టేవాళ్ళను ఆయన అంతవరకు చూసి ఉండడు. తరవాత నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడిచాను. గుండ్రంగా తుడిస్తే, పడే గీత కూడా చదివే దారి వెంబడే పడుతుంది, దాన్ని ఇక ఏ డ్రైవూ చదవలేదు. బొట్టు ఒక్కొక్కటే వదిలింది. ఒకచోట సన్నటి మచ్చ మిగిలింది. ఎంత తుడిచినా పోలేదు. ఆరబెట్టాను. మునిరత్నం డిస్కును ఫ్యాన్ కిందికి జరిపి, దాని మీద ఈగ వాలకుండా చేత్తో విసురుతూ నిలబడ్డాడు.

మళ్ళీ పెట్టాం. మళ్ళీ అతనే నొక్కాడు. గీత నిండుతూ వచ్చి, ముందు ఆగినచోట దాటింది. ఇంకొంచెం ముందుకు పోయి మచ్చ దగ్గర ఆగింది. డ్రైవు గొణిగింది, మూలిగింది, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించింది. గీత కదిలింది. చివరిదాకా నిండింది. స్టెరిలైజర్ బొమ్మ తెర మీదికి వచ్చేసరికి మునిరత్నం చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. చెమట అని చెప్పాడు.

ఫ్యాక్టరీ యజమాని చెన్నైలో ఉంటాడు. ఆగిందని తెలిసిన దగ్గర నుంచీ ఆయన ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు మెషీన్ లేచిందని తెలిసి, కారణమేమిటో ఇంజనీరే చెప్పాలన్నాడు. దామోదరం ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"ఆపరేటర్ మిస్టేక్ అని చెప్పేయండి మేడమ్. ఒక్క మాట. మీ రెన్యువల్ సంగతి నేను చూసుకుంటా."

మా ఏరియా మేనేజరు అంతకుముందే ఫోన్ చేసి, కస్టమర్ మనసు నొప్పించవద్దని చెప్పి ఉన్నాడు. కస్టమర్ అంటే ఆయన దృష్టిలో సంతకం పెట్టేవాడు. నేను దామోదరాన్ని అడిగాను, గంధం, కుంకుమ సంగతి చెప్పనా అని. ఆయన ముఖం పాలిపోయింది. కొత్త కీబోర్డు ఎవరు తెప్పించారో చెప్పనా అన్నాను. చెయ్యి ఇంకా గట్టిగా నొక్కిపెట్టాడు.

"డిస్కు మీద దుమ్ము అని చెబుతాను," అన్నాను. "కీబోర్డు పాత మెషీన్‌కు కుదరలేదని చెబుతాను. ఎవరు తెచ్చారో చెప్పను. మునిరత్నం రేపు డ్యూటీకి వస్తాడు."

ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డ మునిరత్నాన్ని ఒకసారి చూశాడు. ఫోన్ నాకిచ్చాడు.

యజమానికి అలాగే చెప్పాను. చివర ఒక మాట కలిపాను. కీ నొక్కుతున్నా పని చేయడం లేదని మీ ఆపరేటర్ మొదటి నుంచీ చెబుతున్నాడనీ, ఆ మాట ఎవరైనా విని ఉంటే మెషీన్ ఇంతకాలం ఆగేది కాదనీ. ఈ చివరి మాట మా ఒప్పందంలో లేదు. దామోదరం నా వైపు చూసిన చూపు కూడా ఒప్పందంలో లేదు. యజమాని మునిరత్నాన్నే నడపమని చెప్పి పెట్టేశాడు. నాయుడుపేట నుంచి వస్తున్న మనిషికి ఫోన్ చేసి వెనక్కి పొమ్మన్నారు. అతను అప్పటికే దారిలో ఉన్నాడు. అతని సంగతి ఎవరూ ఆలోచించలేదు, నాతో సహా.

సాయంత్రం గేటు దాటి వస్తుంటే ట్రాక్టర్లు కదులుతున్నాయి. చెంగల్రాయుడిది మాత్రం పక్కకు తీసి నిలబెట్టి ఉంది. పైన ఉన్న కాయలు తీసుకున్నారు. అడుగున ఉన్నవి మెత్తబడ్డాయని, మచ్చలు పడ్డాయని తోసేశారు. ట్రాలీ అంచు నుంచి పసుపు రసం చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఇంత ఆలస్యానికి ఫ్యాక్టరీవాళ్ళు ఏమన్నారని అడిగాను.

"మిషను చెడిపోతే మేమేం జేస్తాం అన్నారు. నిజమే కదమ్మా. మిషను చెడిపోయినాది, బాగైనాది. నా కాయలు బాగుండినాయి, చెడిపోయినాయి. ఇంగ రిపేరు సేసేవాళ్ళు లేరు."

కోపంగా అనలేదు. పంగనామం పెట్టిన వాళ్ళ మీద కూడా ఆయనకు కోపం రాదనుకుంటాను. ట్రాక్టర్ ఎక్కి, వెనక్కి తిప్పుకుని, తోసేసిన కాయలు పశువులకు వేయడానికి ఐరాల వైపు వెళ్ళిపోయాడు. నేను యజమానికి చెప్పిన కారణాల్లో ఈ కాయలు లేవు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.

ఆ ఏడాది మా ఏఎంసీ రెన్యువల్ అయింది. ఆ రోజు ఏరియా మేనేజరు కారులో వెళ్ళి కాఫీ తాగి వచ్చి, కస్టమర్ చాలా తృప్తిగా ఉన్నాడని చెప్పాడు. రంగుల కీబోర్డు ఇప్పుడు దామోదరం బల్ల మీద ఉందట.

ఈ పని నాకు రెండు సంగతులు నేర్పింది. డిస్కు ఎవరిచ్చినా, ఎంత నమ్మకంగా ఇచ్చినా, పెట్టేముందు తిప్పి రెండో వైపు చూడాలి. కీ నొక్కామని ఎవరైనా చెబితే, ఎలా నొక్కారని అడగకుండా ముందు వైరు చూడాలి. మిగిలిన రెండేళ్ళూ అలాగే చేశాను. మనుషుల మీద నమ్మకం పెరిగి కాదు. వాళ్ళను అనుమానించడం కన్నా వైరు చూడటానికి తక్కువ సమయం పడుతుంది.